మా నాన్నగారి పాటలు

(పాటా – మాటా శీర్షిక)



అమెరికాలో ఇరవై ఏళ్లపాటు ఇంగ్లీషు పాటలు పాడి పేరూ, డబ్బూ సంపాదించుకున్న ఒక గాయని 1987 నవంబరులో ఒక రికార్డు విడుదల చేశారు. అందులో 13 పాటలు. అన్నీ స్పానిష్ పాటలే. ఆవిడకు పేరు తెచ్చిన రాక్ బాణీ అందులో మచ్చుకైనా లేదు. వయొలిన్లు, బాకాలు, మెక్సికో పల్లెల వరసలు మాత్రమే ఉన్నాయి. రికార్డు పేరు 'కాన్సియోనెస్ దె మి పాద్రే'. అంటే 'మా నాన్నగారి పాటలు'. ఆ గాయని పేరు లిండా రాన్‌స్టాట్.

"ఇందులో వింతేముంది? మన బాలసుబ్రహ్మణ్యం గారు, జానకి గారు ఎన్ని భాషల్లో పాడలేదు?" అని మీరు అడగవచ్చు. నిజమే. వారు ఏ భాషలో పాడితే ఆ భాషవాళ్లు తమ మనుషులే అనుకున్నారు. కానీ లిండా గారి సంగతి వేరు. స్పానిష్ ఆవిడ నాన్నగారి వైపు ఇంటి భాష. అయినా ఆవిడకు అందులో ధారాళంగా మాట్లాడటం రాదు, పాడటం మాత్రం వచ్చు. ఇంటి భాష మాటగా జారిపోయి పాటగా మాత్రమే మిగిలితే, ఆ మిగిలినదాన్ని ఏం చేసుకోవాలి? ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ ఉంది. అందుకే ఈ సంచికలో ఆవిడ కథ చెప్పాలనిపించింది.

ఇంటిపేరు జర్మనీది, పాట సొనోరాది

లిండా 1946 జూలై 15న అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో పుట్టారు. మెక్సికో సరిహద్దు అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. ఇంటిపేరు వింటే జర్మన్ అనిపిస్తుంది, అది నిజమే కూడా. ముత్తాతగారు 1840ల్లో జర్మనీలోని హానోవర్ నుంచి మెక్సికో వచ్చి, అక్కడి పిల్లను పెళ్లాడి స్థిరపడిపోయారు. ఆయన కొడుకు ఫెదెరికో, అంటే లిండా తాతగారు, 1868లో మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో పుట్టారు. 1882లో, పద్నాలుగేళ్ల వయసులో, గుర్రపు బండ్లు తయారుచేసే పని నేర్చుకోవడానికి టూసాన్ వచ్చారు. పని నేర్చుకున్నాక సొంత కార్ఖానా పెట్టారు. కుటుంబానికి ఇనపసామాన్ల దుకాణమూ ఏర్పడింది. పగలంతా బండి చక్రాలు, పొద్దుగూకితే సంగీతం. ఊళ్లోవాళ్లను కూడగట్టి 'క్లబ్ ఫిలార్మోనికో' అనే వాద్యబృందాన్ని కూడా నడిపారాయన.

లిండా నాన్నగారు గిల్బర్ట్ ఆ దుకాణం చూసుకునేవారు. ఇంట్లో గిటారు పట్టుకొని తండ్రి దగ్గర విన్న పాటలు పాడేవారు. అమ్మగారు రూత్ మేరీ మిచిగన్ రాష్ట్రం నుంచి కోడలిగా వచ్చినావిడ. ఆవిడది ఇంగ్లీషు. అందుచేత పిల్లల మధ్య వాడుక మాట ఇంగ్లీషే అయింది. స్పానిష్ పెద్దవాళ్ల కబుర్లలోనూ, పాటల్లోనూ ఉండేది. చిన్నతనంలో తనకు ఇంగ్లీషంటే మాట్లాడే భాష, స్పానిష్ అంటే పాడే భాష అనిపించేదని లిండా తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు.

ఈ మాట చదివితే మనలో చాలామందికి తమ ఇల్లు గుర్తుకు రాక మానదు. బడిలో తమిళమో కన్నడమో, కొలువులో ఇంగ్లీషు, వీధిలో మరాఠీయో ఒడియానో. తెలుగు మాత్రం మంగళహారతి పళ్లెం దగ్గరా, ఉయ్యాల దగ్గరా వినిపించే ఇళ్లు మనకు కొత్త కాదు.

ఇంకో పోలిక కూడా ఉంది. టూసాన్ ఒకప్పుడు మెక్సికోలోని ఊరే. 1853 చివర కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా ఆ ప్రాంతాన్ని డబ్బిచ్చి కొనుక్కుంది. అక్కడి స్పానిష్ కుటుంబాల్లో చాలామంది ఇల్లు కదలకుండానే మరో దేశంవాళ్లయ్యారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి తెలుగువారికీ, 1953లో బళ్లారి తెలుగువారికీ జరిగింది ఇంచుమించు ఇలాంటిదే. హోసూరు వారికీ, సిరొంచ వారికీ ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. సోలాపూరుకు మగ్గాల వెంట వెళ్లినవారిది మరో దారి. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వారిది ఇంకో దారి. దారులు వేరైనా, పిల్లలు ఏ భాషలో కలలు కంటారన్న బెంగ మాత్రం అందరికీ ఒక్కటే.

మేనత్త పుస్తకం

'మా నాన్నగారి పాటలు' అనే పేరు లిండా కొత్తగా పెట్టింది కాదు. అది ఆవిడ మేనత్తగారి పుస్తకం పేరు.

తాతగారి కూతురు లూయిసా, లూయిసా ఎస్పినెల్ అనే రంగస్థల నామంతో 1920, 30ల్లో స్పానిష్ పాటల కచేరీలు చేశారు. 1935లో మార్లీన్ డీట్రిచ్ నటించిన ఒక హాలీవుడ్ చిత్రంలో చిన్న వేషం కూడా వేశారు. కచేరీలు చేసి ఊరుకుంటే ఆవిడ పేరు ఈపాటికి మాసిపోయేదేమో. ఆవిడ ఇంకొక పని చేశారు. సొనోరా నుంచి తండ్రి గుండెల్లో మోసుకొచ్చిన పాటలను కూర్చుని రాసుకున్నారు. వాటిని అరిజోనా విశ్వవిద్యాలయం 1946లో చిన్న పుస్తకంగా అచ్చువేసింది. లిండా పుట్టిందీ ఆ ఏడే.

చూడండి, తండ్రి పాడాడు, కూతురు రాసింది. 41 ఏళ్ల తర్వాత మనవరాలు అదే పేరుతో రికార్డు చేసింది. మధ్యలో ఆ రాసే పని జరగకపోతే గొలుసులో ఒక లంకె ఊడిపోయేది. విశ్వవిద్యాలయం అచ్చువేసినంత మాత్రాన అదేదో పండితులు చేసిన పరిశోధన అనుకోకండి. ఒక కూతురు తండ్రి దగ్గర పాటలు రాసుకోవడంతోనే అది మొదలైంది.

రాక్ వేదిక మీద మెక్సికో పిల్ల

లిండా యవ్వనంలో లాస్ ఏంజిల్స్ వెళ్లి, 1967లో స్టోన్ పోనీస్ అనే బృందంతో వెలుగులోకి వచ్చారు. 1974లో వచ్చిన 'హార్ట్ లైక్ ఎ వీల్' రికార్డుతో అగ్రశ్రేణిలో నిలిచారు. ఆ దశకంలో రాక్ పాటల వేదిక మగవాళ్లదే. ఆ వేదిక మీద పెద్ద పెద్ద స్టేడియాలు నింపిన అతి కొద్దిమంది ఆడవాళ్లలో ఆవిడ ఒకరు. జర్మన్ ఇంటిపేరు కావడంతో ఆవిడలో మెక్సికో రక్తం ఉందన్న సంగతి చాలామందికి తట్టనే లేదు. ఆవిడ దాచిపెట్టలేదు, అడిగినవాళ్లే తక్కువ.

మధ్యమధ్య ఇంటి భాష తొంగిచూసేది. 1976లో వచ్చిన ఒక రికార్డులో స్పానిష్ మాటలున్న పాట ఉంది. దాని రచనలో నాన్నగారు గిల్బర్ట్ చెయ్యి కూడా ఉంది. కానీ మొత్తం రికార్డంతా స్పానిష్‌లో పాడాలన్న కోరిక తీరడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? రికార్డు వ్యాపారం అలాంటిది. ఒక రకం సరుకు అమ్ముడుపోతున్నప్పుడు అదే మళ్లీ తెమ్మంటారు. 1983లో ఆవిడ రాక్ వదిలి, తల్లిదండ్రుల కాలం నాటి పాత అమెరికన్ పాటలను నెల్సన్ రిడిల్ వాద్యబృందంతో పాడతానన్నప్పుడే కంపెనీ పెద్ద వద్దని బతిమాలారు. ఆవిడ వినలేదు. ఆ రికార్డు అమెరికాలోనే 30 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ గెలుపుతో 'నాకు నచ్చింది పాడతాను' అనే చనువు సంపాదించుకున్నారు. ఆ చనువును నాన్నగారి పాటల కోసం ఖర్చుపెట్టారు. పలుకుబడి ఉన్నప్పుడు దాన్ని ఇంటి పనికి వాడుకోవాలన్న తెలివి అందరికీ ఉండదు.

నలభై దాటాక శిష్యరికం

ఇంట్లో విన్న పాటలే కదా, మైకు ముందు నిలబడి పాడేస్తే సరిపోదా? సరిపోదని ఆవిడకు తెలుసు.

ఆ సంగీతాన్ని మరియాచి అంటారు. వయొలిన్లు, బాకాలు, 'విహ్వేలా' అనే అయిదు తీగల చిన్న గిటారు, 'గిటారోన్' అనే బొజ్జ గిటారు అందులోని ముఖ్య వాద్యాలు. మందర స్థాయి స్వరాల బరువంతా గిటారోన్‌దే. కొన్ని బృందాల్లో హార్ప్ కూడా ఉంటుంది. ఇక పాటల్లో 'రాంచెరా' అనేది పల్లెవాసుల పాట. గొంతు దాచుకోకుండా, గుండె నిండా గాలి పీల్చి పాడాలి. 'హ్వాపాంగో' అనేది మరీ కష్టం. ఆరు మాత్రల నడకను ఒకసారి మూడేసి చొప్పున రెండు భాగాలుగా, ఇంకోసారి రెండేసి చొప్పున మూడు భాగాలుగా తిప్పుతారు. మన మృదంగ విద్వాంసులకు ఇలాంటి లెక్క అర్థమవుతుంది, కొత్తవాళ్లకు మాత్రం కాలు తడబడుతుంది. దానికి తోడు, పాడుతూ పాడుతూ గొంతు ఉన్నట్టుండి విరిగి సన్నని పై స్థాయికి దూకాలి. ఆ విరుపులోనే పాట అందమంతా ఉంది.

లిండా ఈ పనికి తనతో పాడే రాక్ వాద్యగాళ్లను పెట్టుకోలేదు. ఆ విద్యలో చెయ్యి తిరిగినవాళ్ల దగ్గరికి వెళ్లారు. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రానికి చెందిన 'మరియాచి వార్గాస్ దె తెకాలిత్లాన్' పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ నడుస్తున్న బృందం. ఆ బృందంలో 1944లో వయొలిన్ వాద్యకారుడిగా చేరి, మరియాచి సంగీతపు తీరునే దిద్దిన రూబెన్ ఫ్వెంతెస్, ఆవిడ పాత నిర్మాత పీటర్ ఆషర్‌తో కలిసి ఈ రికార్డు నిర్మించారు. లాస్ ఏంజిల్స్‌లో నాతి కానో నడిపిన 'లాస్ కాంపెరోస్' కూడా వాయించింది. గాత్రంలో ఆవిడకు ఆదర్శం లోలా బెల్త్రాన్ అనే మెక్సికో గాయని. ఆవిడ పాటలు లిండా చిన్ననాటి నుంచీ విన్నవే.

అప్పటికి లిండా వయసు 41. దేశమంతా ఎరిగిన గాయని. అలాంటి మనిషి ఒక పల్లెపాట కోసం మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. ఒక పాటను మేనకోడలు మిండీతో కలిసి పాడారు. సొనోరా లోని కనానెయా ఊరి జైలు మీద కట్టిన పాట ఒకటుంది. గ్వాయ్‌మాస్ రేవు పడవ పాట ఇంకొకటి. ఇవి తాతగారి సీమ పేర్లు. వేదికల మీద మెరిసే మెక్సికో కన్నా ఆ ఇంటివాళ్లు ఎరిగిన మెక్సికోనే ఈ రికార్డులో ఎక్కువగా వినిపిస్తుంది.

ఎదురుగాలిలో

ఆ రోజుల్లో అమెరికాలో గాలి ఎటు వీచేదో కూడా చెప్పాలి. అంతకు ముందటి దశకాల్లో ఆ నైరుతి రాష్ట్రాల బడుల్లో స్పానిష్ మాట్లాడిన పిల్లలను దండించడం మామూలు. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక తమ పిల్లలకు ఆ భాష నేర్పడానికి జంకారు. భాష మీద ప్రేమ లేక కాదు, పిల్లలకు దెబ్బలు తప్పించాలని. ఈ సంగతి తెలియకుండా 'వాళ్లు భాష వదిలేశారు' అనడం అన్యాయం.

1986లో కాలిఫోర్నియా ఓటర్లు ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించే సవరణను ఆమోదించారు. 1988లో, లిండా రికార్డు వచ్చిన మరుసటి ఏడే, ఆవిడ సొంత రాష్ట్రం అరిజోనా కూడా కొద్దిపాటి తేడాతో అదే దారి పట్టింది. దాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో కొట్టివేసింది. 2000లో బడి చదువు ఇంగ్లీషులోనే సాగాలన్న శాసనం వచ్చింది. 2006లో అధికార భాష సవరణ మళ్లీ గెలిచింది. ఇలాంటి వాతావరణంలో, ఇంగ్లీషు పాటలతో దేశమంతా మెచ్చిన గాయని 'ఇది మా నాన్నగారి భాష' అని చాటడం చిన్న సంగతి కాదు. ఆవిడ ఉపన్యాసంతో పని లేకుండా పాటతోనే ఆ మాట చెప్పారు.

ఫలితం ఎవరూ ఊహించనిది. ఆ రికార్డు అమెరికాలో 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ దేశంలో ఇంగ్లీషు కాని భాషలో వచ్చిన రికార్డుల్లో అత్యధికంగా అమ్ముడుపోయిందని పేరు తెచ్చుకుంది. 1989లో గ్రామీ బహుమతి అందుకుంది. ఆ పాటలతో కట్టిన రంగస్థల ప్రదర్శన 1988లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్లింది, టెలివిజన్‌లోనూ వచ్చింది. 1991లో 'మాస్ కాన్సియోనెస్', అంటే 'మరిన్ని పాటలు' వెలువడింది. అందులో ఆవిడ అన్నదమ్ములు కూడా గొంతు కలిపారు. వారిలో పీటర్ టూసాన్ నగర పోలీసు అధిపతిగా పనిచేసిన మనిషి! 1992లో 'ఫ్రెనెసీ' వచ్చింది. గిల్బర్ట్ గారు 1995లో కన్నుమూశారు. అంటే తన పాటలు కూతురి గొంతులో మోగడం ఆయన ఉండగానే జరిగింది. బహుమతుల లెక్క కన్నా నాకు ఈ సంగతే పెద్దదిగా తోస్తుంది.

2022లో అమెరికా జాతీయ గ్రంథాలయం, కలకాలం భద్రపరచవలసిన ధ్వనిముద్రణల జాబితాలో ఆ రికార్డును చేర్చింది.

ముగ్గురు పాడారు, మూడు తీర్లు

అమెరికా గాయకుల్లో స్పానిష్‌లో పాడింది లిండా ఒక్కరే కాదు. ఇంకో ఇద్దరిని పక్కన నిలబెట్టి చూస్తే మన ప్రశ్నకు జవాబు తేటపడుతుంది.

నాట్ కింగ్ కోల్ నల్లజాతి మహాగాయకుడు. 1958లో 'కోల్ ఎస్పాన్యోల్' అనే రికార్డు తెచ్చారు. ఆయనకు స్పానిష్ రాదు. మాటల ఉచ్చారణ విని, కంఠస్థం చేసి పాడారు. యాస పూర్తిగా కుదరకపోయినా లాటిన్ అమెరికా శ్రోతలు నెత్తిన పెట్టుకున్నారు. అదే వరసలో మరో రెండు రికార్డులు వచ్చాయి. ఇది అతిథి పాట. పరాయి ఇంటికి వెళ్లి వారి మాటలో పలకరించే మర్యాద ఇందులో ఉంది. మదురైలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు అన్నమాచార్య కీర్తనలు పాడి మన ఇళ్లలో ప్రతి ఉదయం వినిపించేంత దగ్గరయ్యారు. త్యాగరాజస్వామి జీవించిన తిరువయ్యారులో ఆయన కృతులను ఏటా పాడే విద్వాంసుల్లోనూ తెలుగు మాట్లాడనివారు ఎందరో ఉన్నారు. ఆ రకం పాట మనకు పరిచయమే.

రెండో ఆవిడ సెలీనా. 1971లో టెక్సాస్‌లో పుట్టారు. మెక్సికన్ కుటుంబమైనా ఇంగ్లీషు మాటల మధ్య పెరిగారు. తండ్రి స్పానిష్ పాటలు ఉచ్చారణతో సహా నేర్పించి వేదిక ఎక్కించారు. మొదట అర్థం తెలియకుండానే పాడారు. మెక్సికోలో పేరు వచ్చి, విలేకరులు స్పానిష్‌లో ప్రశ్నలు వేయడం మొదలయ్యాక భాష కూడా పట్టుదలగా నేర్చుకున్నారు. తడబడుతూనే నవ్వుతూ జవాబులిచ్చిన ఆ పిల్లను మెక్సికో అక్కున చేర్చుకుంది. 1995లో, 24 ఏళ్లు కూడా నిండకుండా ఆవిడ హత్యకు గురికావడం పెద్ద విషాదం. ఆవిడ విషయంలో పాట మాటకు దారి చూపింది.

లిండా ఈ ఇద్దరికీ మధ్యన ఉన్నారు. ఆవిడ అతిథి కాదు, ఇంటి ఆడపడుచే. కానీ పాట మాటగా మారలేదు. మూడు స్పానిష్ రికార్డులు చేశాక కూడా తనకు ఆ భాష ధారాళంగా రాదని దాచకుండా చెప్పేవారు. పాడినంత మాత్రాన భాష వచ్చేసినట్టు నటించలేదు. రానంత మాత్రాన పాడటం మానలేదు.

చిలక పలుకులా?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన సంఘాల ఉగాది సభల్లో పిల్లలు తెలుగు పాట పాడతారు. దిగివచ్చాక 'బాగా పాడావమ్మా' అంటే తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబు చెబుతారు. అక్కడ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు పెద్దలు 'మాట రానిదే పాటెందుకు, చిలక పలుకులు!' అని పెదవి విరుస్తారు. కొందరు తల్లిదండ్రులు 'పాట వచ్చింది కదా, ఇంకేం కావాలి' అని తృప్తిపడతారు.

లిండా కథ ఈ రెండు మాటలనూ ఒప్పుకోదు. పాటే లేకపోతే ఆ ఇంట్లో మూడో తరానికి స్పానిష్ చెవిన పడే సందే ఉండేది కాదు. కాబట్టి చిలక పలుకులని తీసిపారేయకండి. అయితే పాట తలుపు తెరిచి ఉంచుతుందే గాని, చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకెళ్లదు. లోపలికి నడవాలంటే సెలీనాలాగా అవసరమూ, పట్టుదలా రెండూ ఉండాలి. ఆ అవసరం కల్పించవలసింది పెద్దవాళ్లమే. పిల్లవాడు పాడిన పాటలో ఒక్క మాట తీసుకొని, 'ఇది మీ తాతమ్మ ఏ సందర్భంలో అనేదో తెలుసా?' అని తెలుగులో చెప్పి చూడండి. కబురు అక్కడే మొదలవుతుంది.

నేర్పేటప్పుడు నాణ్యం సంగతి కూడా ఉంది. చాలా ఇళ్లలో పిల్లలు తెలుగు పాటను తమకు వచ్చిన లిపిలో రాసుకొని నేర్చుకుంటారు. అది తప్పు కాదు, తప్పనిసరి. కానీ ప్రతి లిపికీ ఒక చిక్కు ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకూ ఒకటే. కాబట్టి 'గాలి' కాస్తా 'కాలి' అయిపోగలదు. మరాఠీవారి నాగరిలో, ఒడియా లిపిలో మన ఎ, ఏ ల తేడా, ఒ, ఓ ల తేడా చూపే వీలు మామూలుగా లేదు. అందుకే 'చెట్టు' లోని ఎకారం సాగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ల, ళ లు, న, ణ లు కలిసిపోతాయి. కన్నడ లిపి వారికి మాత్రం ఈ బాధలు దాదాపు లేవు, అన్ని అక్షరాలూ అన్నదమ్ముల్లా సరిపోతాయి. కాబట్టి కాగితం మీద ఎంత రాసుకున్నా, తెలుగు చక్కగా పలికే ఒక పెద్ద మనిషి పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా పలికించాలి. 41 ఏళ్ల వయసులో ఆ గాయని గురువుల దగ్గర కూర్చోగా లేనిది, మన ఎనిమిదేళ్ల పిల్లలు కూర్చోలేరా?

ఇక మేనత్త లూయిసా చేసిన పని. మన ఇళ్లలో లాలిపాటలు, గొబ్బిపాటలు, బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ల పాటలు ఇప్పటికీ కొందరి గొంతుల్లో ఉన్నాయి. క్యాసెట్టులోనో సెల్‌ఫోనులోనో దొరికే పాటల మాట కాదు నేననేది. మీ ఇంటికి మాత్రమే తెలిసిన పాటల మాట. ఒక నోటు పుస్తకం తీసుకోండి. పాట రాయండి. కింద నాలుగు వివరాలు రాయండి: ఎవరు పాడారు, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అది ఏ ఊరి పాట, అందులో ఇప్పుడు వాడుకలో లేని మాటలకు అర్థం ఏమిటి. గొంతును కూడా రికార్డు చేసి పెట్టుకోండి. వరస అక్షరాల్లో ఇమడదు కదా.

ఇందుకు తొందర ఎందుకో చెప్పి ముగిస్తాను.

2009 నవంబరులో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో లిండా ఆఖరి కచేరీ చేశారు. ఆ రోజు పాడిందీ మరియాచి పాటలే. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే గొంతు ఆవిడ మాట వినడం మానేసింది. పార్కిన్‌సన్స్ జబ్బని 2013లో వెల్లడించారు. తర్వాత వైద్యులు దాన్ని అదే తీరుకు చెందిన మరో అరుదైన నరాల వ్యాధిగా తేల్చారు. ఇప్పుడు ఆవిడ పాడలేరు. స్పానిష్‌ను పాటగానే దక్కించుకున్న మనిషికి ఆ పాట కూడా గొంతులో లేకుండా పోయింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. కాలిఫోర్నియాలోని శాన్ పాబ్లోలో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు వారి సంగీతం నేర్పే 'లాస్ సెన్‌సోంత్లెస్' అనే సంస్థ ఉంది. ఆవిడ చాలా ఏళ్లుగా దానికి అండగా నిలిచారు. ఆ పిల్లలను వెంటబెట్టుకొని తాతగారి సీమ సొనోరాలోని బనామిచి అనే చిన్న ఊరికి వెళ్లారు. ఆ ప్రయాణం 2020లో డాక్యుమెంటరీ చిత్రంగా వచ్చింది. అందులో ఆవిడ కూర్చుని వింటుంటారు, పాడేది పిల్లలు.

పాట ఒక్క గొంతులోనే ఉంటే ఆ గొంతుతోపాటే పోతుంది. మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లు ఉంటే, వచ్చే ఆదివారం వారి పక్కన కూర్చోండి. ఒక్క పాటైనా రాసి, వివరాలతో సహా మన పత్రికకు పంపండి. తెలుగు రాయడం రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే రాసి పంపండి, ఇక్కడ తెలుగులోకి మార్చుకుందాం.

మళ్లీ వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.